ఉన్ని గోడ

గోడలకు చెవులుంటాయని కదా అంటారు.
ఉలాన్‌బాతర్‌లో పదకొండేళ్లుగా
స్పీకరు మోస్తున్నదాన్ని, నాకు తెలిసి
గోడలకు ఉండేవి నోళ్లు.

తొమ్మిదో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
ఎనిమిది కిలోల పెట్టెని భుజాలు మార్చుకుంటూ ఎక్కితే
నున్నటి సిమెంటు గది, అద్దాల బీరువా.
పుట్టినరోజు పిల్లాడి తండ్రి
స్పీకర్ని తీసుకెళ్లి మూలన పెడతాడు, దారికి అడ్డం లేకుండా.
మూల అంటే ఏమనుకున్నాడు?
రెండు గోడలూ నేలా కలిసి
గూడుపుఠాణీ చేసే చోటు.
బాస్ అక్కడ నానిన శనగల్లా ఉబ్బుతుంది,
బీరువాలో టీకప్పులు పళ్లు కొరుకుతాయి.
ఒక జానెడు ముందుకి లాగుతాను, ఇంకో జానెడు,
అడుగున మడత తువ్వాలు,
బాస్ రెండు మెట్లు కిందికి.
కప్పులు నోరు మూసుకుంటాయి.
"సౌండు తగ్గిందేం?" అంటాడు.
తగ్గలేదు, తేటపడింది.

బడి వ్యాయామశాలలో
ముందు ఒక్క చప్పట్టు కొట్టి చూస్తాను.
అది వెళ్లి ఎదుటి గోడని ముట్టుకుని
నేను చేతులు దించాక తిరిగొస్తుంది,
ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలా.
హెడ్మాస్టరు బాత్‌సైఖన్ ప్రసంగం మొదలుపెడితే
ఆయన వెనక ఇంకో బాత్‌సైఖన్,
ఆ వెనక మరొకాయన, ముగ్గురూ ఆగరు.
స్పీకరు మూతిని పిల్లల తలలవైపు వంచుతాను.
జనవరిలో అయితే ఈ తిప్పలుండవు,
మూడొందల దూది కోట్లు సగం గోల తాగేస్తాయి.

బయట, గుర్రప్పందేల మైదానంలో,
తిరిగిచ్చేవాళ్లే లేరు.
ఎంత పాడించినా అడవి గాచిన వెన్నెల.
బాస్ అందరికంటే ముందు జారుకుంటుంది,
అప్పులవాణ్ణి చూసినట్టు.
లారీ పక్కరేకుకి పెట్టె వీపు ఆనిస్తాను.
అద్దెకు తెచ్చుకున్న గోడ అది.
డ్రైవరు టీ తాగి లారీ తీసుకుపోతే
పాటకు నడుం విరుగుతుంది.
ఒకసారి విరిగింది కూడా.

కానీ నేను చెప్పాలనుకున్నది వేరే.
అక్టోబరు. అర్వాయిఖేర్ దాటి రెండు గంటల మట్టిదారి,
ఒక ఉన్ని గుడారం.
మూడేళ్ల పిల్లకు మొదటి జుట్టు తీసే వేడుక.
గుండ్రటి ఇల్లు, మూలన్నదే లేదు.
చుట్టూ అరచేతి మందాన ఉన్ని,
సన్నటి చప్పుడేది కనబడినా మింగేస్తుంది,
తీగ మీద గోరు తగలడం, పాటగాడు ఊపిరి పీల్చడం.
పైస్వరాలు పెంచుతూ,
పొయ్యి పక్కన ఒకసారి, మంచం మీద ఒకసారి,
బోర్లించిన పాలబిందె మీద ఒకసారి,
చివరికి కుదిరింది.
ఆ ఏడాదిలో అంత బాగా ఎక్కడా కుదరలేదు.

అప్పుడు ముసలమ్మ త్సెరెన్‌ఖాండ్ లేచింది.
నీలం పట్టు కట్టిన కత్తెర పక్కన పెట్టి
నా పెట్టె జాలీ మీద అరచెయ్యి ఆనించింది.
కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.
"వినపడదు, పన్నెండేళ్లయింది" అంది కోడలు.
"ముందే చెప్పాల్సింది."

చెవిటివాడి ముందు శంఖమని నవ్వుతారు.
ఆ సామెత కట్టినవాడు
శంఖం మీద చెయ్యి వేసి చూసి ఉండడు.

పైస్వరాలు దించేశాను.
బాస్ ఒక మెట్టు, ఇంకోటి, చివరిదాకా.
పాట బురదైంది.
పొయ్యిమీద మూత వణికింది,
పిల్ల ఏడుపు లంకించుకుంది,
డబ్బులివ్వాల్సిన కొడుకు నావైపు ఒక చూపు చూశాడు.
ముసలమ్మ వేళ్లు విప్పింది.
మణికట్టు, మోచెయ్యి, ఆ తరవాత గడ్డం
ఒకదాని వెనక ఒకటి నడక అందుకున్నాయి.
"గుర్రం పాట కదూ!" అంది,
తన గొంతు ఎంతుందో తెలియనివాళ్ల గట్టితనంతో.
అది ఒంటె పాట.
ఎవరూ దిద్దలేదు.

బాస్ బ్యాటరీని తినేస్తుంది.
గంటంపావుకి ఎర్రదీపం వెలిగింది.
మిగిలిన పాటలు మనుషులే పాడారు.
నేను సర్దడానికి అక్కడేం లేదు,
దుప్పట్ల కోటులో ఆ గొంతులకు అడ్డంగా కూచున్నానని తోచి
కాస్త పక్కకి జరగడం తప్ప.